వేరు చివర ఎక్కడ? పంటి కెనాల్ పొడవు కొలిచే విద్యుత్ పరికరాలపై సమీక్ష

రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్లని అడిగితే మత్తు ఇంజెక్షన్ గురించి చెబుతారు, గంటసేపు నోరు తెరిచి కూర్చుంటే లాగేసిన దవడ గురించి చెబుతారు. మధ్యలో కిందిపెదవికి ఒక చిన్న లోహపు కొక్కెం తగిలించడం, పక్కన బల్ల మీద ఉన్న పెట్టె ముందు ఆగి ఆగి, తర్వాత గబగబా, చివరికి ఒకటే కూతగా మోగడం కొందరికే గుర్తుంటుంది. చికిత్స మొత్తానికి కొలత పడేది ఆ కాసేపట్లోనే. పుచ్చు నరం దాకా దిగిన పన్నులో లోపలి కుళ్లును ఎంత లోతు వరకు తీయాలి, ఎక్కడ ఆగాలి అన్నది అక్కడ తేలుతుంది. దీన్ని డెంటిస్టులు వర్కింగ్ లెంగ్త్ అంటారు. ఆ కూత పెట్టే పెట్టె పేరు అపెక్స్ లొకేటర్.

ఈ కొలత ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే ఏమవుతుందో స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయం నుంచి సియోగ్రెన్ బృందం 1990లో చూపించింది. చికిత్స అయిన ఎనిమిది నుంచి పదేళ్ల తర్వాత రోగులను పిలిచి మళ్లీ పరీక్షించారు. నరం చచ్చి, వేరు కొన దగ్గర ఎముకలో ఇన్ఫెక్షన్ ఉన్న పళ్లలో, ఫిల్లింగ్ వేరు కొనకు రెండు మిల్లీమీటర్ల లోపల ఆగినచోట 94 శాతం నయమయ్యాయి. కొన దాటి బయటికి పోయినచోట అది 76 శాతం. రెండు మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ పొట్టిగా ఆగినచోట 68 శాతమే. అమెరికాలో చుగల్ బృందం 2003లో ఇంకో రకంగా లెక్క కట్టింది: వేరు కొనన ఇన్ఫెక్షన్ ఉన్న పళ్లలో పనిచేసిన పొడవు ఒక మిల్లీమీటరు తగ్గితే చికిత్స విఫలమయ్యే అవకాశం 14 శాతం పెరుగుతోందని. సగటున ఇరవై రెండు మిల్లీమీటర్లుండే పన్నులో ఒక మిల్లీమీటరుకు ఇంత విలువ ఉంది. పొట్టిగా ఆగితే బాక్టీరియా లోపల మిగిలిపోతుంది. దాటిపోతే కెనాల్‌ని గీకి శుభ్రం చేసే సన్నటి ఫైలు కొన ఎముకలో గుచ్చుకుంటుంది, కుళ్లు బయటికి నెట్టుకుపోతుంది, లోపల కడిగే సోడియం హైపోక్లోరైట్ కొన దాటి కారితే ముఖం వాచి రోగి విలవిల్లాడిపోతాడు.

అందుకే ఈ యంత్రాల మీద పరిశోధన ఎడతెగకుండా సాగింది. ఒక్కో పరిశోధన ఒక్కో శాతం చెబుతుంది. ఒకరు 96 అంటారు, ఇంకొకరు 82 అంటారు, ఇంకో యంత్రానికి మూడోవంతే వచ్చిందంటారు. అవన్నీ ఒకచోట పెట్టి చదివితే నాకు తట్టేది ఇది: తేడాల్లో చాలా భాగం ఎలక్ట్రానిక్స్‌ది కాదు. కెనాల్ ఎక్కడ అయిపోతుందన్న దానిమీద పరిశోధకుల మధ్యే ఒక్కమాట లేదు.

ఈ గొడవ మొదలయ్యేది పంటి శరీరనిర్మాణం దగ్గర. బొమ్మల్లో వేరు ఒక సూది మొనలా దిగి, దాని కొనలోనే రంధ్రం ఉన్నట్టు గీస్తారు. నిజం పన్నులో అలా ఉండదు. మెక్సికో నగరంలో యూరీ కట్లర్ 268 పళ్లను తీసుకుని వేరు కొనలను మైక్రోస్కోపు కింద చూసి 1955లో ఫలితాలు ప్రచురించాడు. నరం బయటికి వచ్చే రంధ్రం వేరు కొన నడిమధ్యలో కాక, పక్కకి తప్పుకుని తెరుచుకోవడం పడుచువాళ్ల పళ్లలో 68 శాతం, పెద్దవాళ్ల పళ్లలో 80 శాతం కనిపించింది. అంటే వేరు చివర ఒకచోట, కెనాల్ చివర ఇంకోచోట. పైగా కెనాల్ ఆ రంధ్రం దాకా ఒకే మందంతో రాదు. కాస్త ముందే సన్నబడి, ఒక ఇరుకు దాటాక మళ్లీ గరాటులా వెడల్పై బయటికి తెరుచుకుంటుంది. ఆ ఇరుకుకీ రంధ్రానికీ మధ్య దూరం పడుచువాళ్లలో సగటున 0.524 మిల్లీమీటర్లు, యాభై అయిదు దాటినవాళ్లలో 0.659 మిల్లీమీటర్లు అని కట్లర్ కొలిచాడు. వయసు పెరిగేకొద్దీ వేరు కొన మీద సిమెంటం పొరలు పొరలుగా పేరుకుపోతుంది కాబట్టి దూరం పెరుగుతుంది.

పుస్తకాలన్నీ ఆగమని చెప్పేది ఈ ఇరుకు దగ్గరే. లోపలి నరానికీ బయటి కణజాలానికీ మధ్య గాయం అక్కడ అన్నిటికన్నా చిన్నదిగా ఉంటుంది, ఫిల్లింగ్ పదార్థం బయటికి జారకుండా ఒక గట్టు కూడా దొరుకుతుంది. వాదన బాగానే ఉంది. కాని ఆ ఇరుకు అందరి పళ్లలో ఉండదు. 1984లో డమ్మర్ బృందం దాన్ని నాలుగు రకాలుగా విడదీసింది: ఒకేచోట స్పష్టంగా ఇరుకయ్యేది, చివరిదాకా క్రమంగా సన్నబడుతూ పోయేది, రెండు మూడు చోట్ల ఇరుకయ్యేది, కొంతదూరం సమాంతరంగా సాగేది. మొదటి రకంలో ‘ఇదిగో ఇక్కడ’ అని వేలు పెట్టి చూపించవచ్చు. సమాంతరంగా సాగేదాంట్లో ఇరుకు ఎక్కడ మొదలైందో మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాడికే తెలియదు. ఇన్ఫెక్షన్ చాలాకాలం ఉన్న పన్నులో అయితే ఆమ్లాలు, కణాలు కలిసి వేరు కొననే తినేస్తాయి. అప్పుడు ఇరుకు అసలు మిగలదు. యంత్రాన్ని ఏ స్థానం దగ్గర పరీక్షిస్తున్నామో ఆ స్థానమే ఇంత దోబూచులాడుతుంటే శాతాలు ఒకచోటికి ఎలా వస్తాయి?

యంత్రాలు రాకముందు కొలత పెట్టింది ఎక్స్‌రేతో. అంతకుముందు సంగతి చెప్పుకోడానికే ఒళ్లు జలదరిస్తుంది: పందొమ్మిదో శతాబ్దం చివర్లో డాక్టరు సూది లోపలికి దించుకుంటూ పోయేవాడు, రోగికి చురుక్కుమన్నచోట ఆగేవాడు. న్యూ ఆర్లీన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే డెంటిస్టు 1899లో కెనాల్‌లో సీసపు తీగ పెట్టి ఎక్స్‌రే తీసి పొడవు చూశాడు. పద్ధతి అక్కడ మొదలైంది. దానికి ఆయన కట్టిన మూల్యం పెద్దది. కిరణాల బలం సరిచూసుకోవడానికి తన చేతినే ట్యూబు ముందు పెట్టి చూసేవాడు. ఏళ్లు గడిచేసరికి చేతికి కాన్సర్ పుట్టి, ముందు వేళ్లు, తర్వాత చెయ్యి పోగొట్టుకుని, 1928లో ప్రాణం తీసుకున్నాడు.

కెల్స్ పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది. సీసపు తీగ బదులు స్టీలు ఫైలు, ఫిల్ము బదులు ఆర్‌వీజీ సెన్సర్, అంతే తేడా. ఎక్స్‌రేలో కనిపించే వేరు కొనకు అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు లోపల ఆగమని నియమం. దానిలోని చిక్కు కట్లర్ లెక్కలు చూస్తేనే అర్థమవుతుంది. రంధ్రం పక్కకి తెరుచుకుంటే, ఆ పక్క చెంపవైపో నాలుకవైపో అయితే, ఎక్స్‌రేలో అది కనిపించదు. ఎక్స్‌రే నీడ కదా, లోతును పరిచేస్తుంది. ఫైలు అప్పటికే రంధ్రంలోంచి బయటికి పొడుచుకుని వచ్చినా, నీడలో ఇంకా వేరు లోపలే ఉన్నట్టు కనబడుతుంది. జర్మనీలో ట్యూబింగెన్ నుంచి ఎల్‌అయూటి బృందం 2001లో దీన్ని లెక్కపెట్టి చూపించింది. ఎక్స్‌రేలో కొలత సరిగ్గా ఉంది, వేరు కొనకు రెండు మిల్లీమీటర్ల లోపలే ఉంది అని ఒప్పుకున్న కెనాల్స్‌లో, ఫైలు నిజానికి రంధ్రం దాటి ఉన్నవి ప్రీమోలార్లలో 51 శాతం, మోలార్లలో 22 శాతం. ఆ మరుసటి ఏడాది అదే బృందం ప్రీమోలార్లలో రూట్ జడ్‌ఎక్స్ అనే అపెక్స్ లొకేటర్‌ని తోడు పెట్టుకుంటే ఆ 51 కాస్తా 21కి దిగింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా గట్టిగా అనిపించే ఆధారం ఈ జంట పరిశోధనే. ఎందుకంటే ఇక్కడ యంత్రాన్ని ఏదో ఆదర్శస్థానంతో పోల్చలేదు. ఫైలు పన్ను దాటిందా లేదా అన్న ఒక్క విషయమే చూశారు.

పైదవడ మోలార్ల ఎక్స్‌రేకి ఇంకో బాధ ఉంది. చెంప ఎముక నీడ వేరు కొనల మీద పడి తెల్లగా కప్పేస్తుంది. సెన్సర్ నోట్లో పెట్టగానే వాంతి వచ్చేవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు, వీళ్ల దగ్గర ఎక్స్‌రే ఒక్కటి తగ్గినా మేలే.

కరెంటుతో కొలవవచ్చన్న ఊహ కెల్స్ తర్వాత ఎంతో ఆలస్యం కాలేదు. 1918లో అమెరికన్ డెంటిస్టు కస్టర్ దాని గురించి రాశాడు. కాని దానికి బలం వచ్చింది జపాన్‌లో, అదీ వేరే పని చేస్తుండగా. 1942లో సుజుకి కుక్కల పళ్లలో కరెంటుతో మందును లోపలికి నెట్టే ప్రయోగాలు చేస్తున్నాడు. కెనాల్‌లో ఉన్న సూదికీ నోటి లోపలి పొరకూ మధ్య విద్యుత్ నిరోధం ఎప్పుడు చూసినా ఒకేలా ఉండటం ఆయన గమనించాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1962లో, టోక్యోలో సునాడా దాన్ని మనుషుల పళ్లలో కొలతకు వాడాడు. ఫైలు కొన వేరు చివర రంధ్రం దగ్గర పంటిని ఎముకకు పట్టి ఉంచే పొరను తాకగానే నిరోధం దాదాపు 6.5 కిలోఓమ్‌ల దగ్గర నిలుస్తోందనీ, అది రోగి వయసు మీదా, పంటి ఆకారం మీదా ఆధారపడటం లేదనీ చెప్పాడు. సిద్ధాంతం ఇంత సులభం: పంటి గోడ, అంటే డెంటిన్, కరెంటును సరిగా పోనివ్వదు. ఫైలు లోపలున్నంతసేపు సర్క్యూట్ తెగినట్టే. కొన దగ్గర రంధ్రంలోంచి తడి కణజాలాన్ని తాకగానే పూర్తవుతుంది. పెదవికి తగిలించే కొక్కెం రెండో తీగ. ఫైలుకి పట్టించే క్లిప్పు మొదటిది.

ఈ స్థిరాంకం జీవకణాల గుణమేమో అని చాలాకాలం అనుకున్నారు. 1987లో హువాంగ్ ప్రాణంలేని నమూనాల్లోనూ అదే ప్రవర్తన చూపించి, ఇది భౌతికశాస్త్రమే తప్ప జీవశాస్త్రం కాదని తేల్చాడు. సన్నటి గొట్టం ఉండి, చివర ఉప్పునీరు లాంటిది ఉంటే చాలు. అందుకే మన డెంటల్ కాలేజీల ప్రీక్లినికల్ ల్యాబుల్లో పీకిన పన్నును ఆల్జినేట్ ముద్దలో గుచ్చి, ఆ ముద్దలోనే పెదవి కొక్కెం పెట్టి, విద్యార్థులతో యంత్రం వాడించడం వీలవుతోంది. ముద్ద ఆరిపోతే రీడింగ్ గెంతడం మొదలవుతుంది. తడి ఎంత అవసరమో నేర్పడానికి అంతకన్నా మంచి పాఠం లేదు.

సునాడా యంత్రానికి మాత్రం తడే శత్రువు. డైరెక్ట్ కరెంటుతో పనిచేసే ఆ తొలి పరికరాల్లో కెనాల్‌లో రక్తం, చీము, హైపోక్లోరైట్ ఏది ఉన్నా కరెంటు ఫైలు కొనదాకా ఆగకుండా మధ్యలోనే దారి చూసుకుని పోయేది. ఫైలు సగం దిగకముందే ‘వచ్చేసింది’ అని చూపించేది. రూట్ కెనాల్ అంటేనే తడి. లోపల కడగకుండా ఫైలు తిప్పితే విరిగిపోతుంది. కాగితపు పాయింట్లతో ఆరబెట్టి, కొలిచి, మళ్లీ తడిపి, మళ్లీ ఆరబెట్టి పనిచెయ్యడం ఎవరికి ఓపిక? డైరెక్ట్ కరెంటు రోగికి అప్పుడప్పుడు చురుక్కుమనిపించేది కూడా.

తర్వాత ముప్పై ఏళ్లు ఈ తడి సమస్యను తీర్చడంతోనే గడిచాయి. 1970ల మొదట్లో ఇనోవే సోనో ఎక్స్‌ప్లోరర్ తెచ్చాడు. ఆల్టర్నేటింగ్ కరెంటుతో పనిచేసి, విద్యుత్ మార్పును శబ్దంగా వినిపించేది. ముందు ఫైలును చిగురుకీ పంటికీ మధ్య సందులో పెట్టి ఆ శబ్దం వినాలి, తర్వాత కెనాల్‌లో దించుకుంటూ అదే శబ్దం వచ్చేదాకా పోవాలి. రెండు చోట్లా ఫైలు తాకేది పంటిని పట్టి ఉంచే పొర దగ్గరి కణజాలాన్నే కాబట్టి శ్రుతి కలవాలి. ఆలోచన అందంగా ఉంది, పనిచేసేవాడి చెవి మీద భారం ఎక్కువ. 1979లో హసెగావా ఎండోకేటర్ చేశాడు. 400 కిలోహెర్ట్జ్ తరంగం, కొన తప్ప మిగతా అంతా ఇన్సులేషన్ పూత వేసిన ప్రోబ్. తడిలో పనిచేసింది గాని ఆ పూత వల్ల ప్రోబ్ లావై సన్న కెనాల్స్‌లో దూరేది కాదు. దూరినా పూత గీసుకుపోయేది.

అసలు మలుపు రెండు తరంగాలతో ఒకేసారి కొలవాలన్న ఆలోచన. 1990లో సైటో, యమషితా ఒకటి, అయిదు కిలోహెర్ట్జ్‌ల దగ్గర ఇంపిడెన్స్ (ఆల్టర్నేటింగ్ కరెంటుకు ఎదురయ్యే నిరోధం) తేడా చూసే పద్ధతి ఇచ్చారు. అపిట్ అన్న యంత్రం దాన్నుంచి వచ్చింది. ప్రతి కెనాల్‌లోనూ ముందు దాన్ని సరిచేసుకోవాల్సి వచ్చేది. ఆ వెంటనే టోక్యోలో కోబయాషి, సుడా తేడా బదులు నిష్పత్తి తీసుకున్నారు. 0.4, 8 కిలోహెర్ట్జ్‌ల తరంగాలను కలిపి పంపి, ఒక ఇంపిడెన్స్‌ని రెండోదానితో భాగిస్తారు. కెనాల్‌లో హైపోక్లోరైట్ ఉంటే రెండు ఇంపిడెన్స్‌లూ తగ్గుతాయి, కాని దాదాపు ఒకే పాళ్లలో తగ్గుతాయి. బజారులో బియ్యం, కందిపప్పు రెండింటి ధరలూ సగానికి పడితే కిలో పప్పుకి ఎన్ని కిలోల బియ్యం వస్తాయన్నది మారనట్టే, నిష్పత్తి మారదు. ఫైలు కొన ఇరుకు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం అక్కడి కెపాసిటెన్స్ మారి నిష్పత్తి చటుక్కున పడిపోతుంది. ఇరుకు దగ్గర ఆ భాగఫలం దాదాపు 0.67 అని వాళ్లు లెక్క చెప్పారు. జె. మొరీటా కంపెనీ దీనితో రూట్ జడ్‌ఎక్స్ తయారుచేసింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి యంత్రాన్నీ పరిశోధకులు దానితోనే పోల్చి చూస్తున్నారు.

ఇక అంకెల దగ్గరికి వద్దాం. ఈ రంగంలో మంచి పరిశోధన అంటే ఇలా ఉంటుంది: ఎలాగూ పీకాల్సిన పన్నులో, రోగి నోట్లోనే, యంత్రం చెప్పిన చోట ఫైలును సిమెంటుతో బిగించేస్తారు. తర్వాత పన్ను పీకి, వేరు కొన గోడను జాగ్రత్తగా అరగదీసి, ఫైలు మొన నిజంగా ఎక్కడుందో మైక్రోస్కోపులో చూస్తారు. 1996లో షాబహాంగ్ బృందం 26 కెనాల్స్‌లో రూట్ జడ్‌ఎక్స్‌ని ఇలా పరీక్షించి, రంధ్రానికి అర మిల్లీమీటరు అటూ ఇటూ లోపల ఉన్నవి 96.2 శాతం అని చెప్పింది. 26లో 25 అన్నమాట. 1998లో డన్‌లాప్ బృందం అదే యంత్రాన్ని 34 కెనాల్స్‌లో చూస్తే 82.3 శాతమే వచ్చింది. బతికున్న నరానికీ చచ్చిన నరానికీ చెప్పుకోదగ్గ తేడా లేదని కూడా వాళ్లు తేల్చారు, అది పనికొచ్చే సంగతి. యంత్రం రెండేళ్లలో పాడైపోలేదు. మొదటివాళ్లు కొలిచింది రంధ్రం నుంచి, రెండోవాళ్లు కొలిచింది ఇరుకు నుంచి. డమ్మర్ చెప్పిన నాలుగు రకాల ఇరుకులు గుర్తుంటే 82 వింతగా అనిపించదు.

ఇంకొక మెలిక ఉంది. అర మిల్లీమీటరు ‘అటూ ఇటూ’ అన్నది చూడటానికి న్యాయంగానే ఉంటుంది. లక్ష్యం ఇరుకైతే, అర మిల్లీమీటరు ముందుకు పోయినా సుమారుగా రంధ్రం దగ్గరే ఉంటాం. లక్ష్యం రంధ్రమే అయితే, అర మిల్లీమీటరు ముందుకంటే పన్ను బయట. అంటే ఒప్పుగా లెక్కపెట్టిన పరిధిలో సగం ఎముకవైపే ఉంది. ఆ 96 శాతం చూసి మురిసిపోయేముందు ఆ ఫైళ్లలో బయటికి వచ్చినవి ఎన్ని అని పేపర్లో వెతకాలి. చాలా పేపర్లలో ఆ సంఖ్య శాతాల వెనక దాక్కుని ఉంటుంది.

యంత్రాల మధ్య నిజమైన తేడా కూడా లేకపోలేదు. వెల్క్ బృందం 2003లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే, ఇరుకును అర మిల్లీమీటరు పరిధిలో పట్టుకోవడంలో రూట్ జడ్‌ఎక్స్‌కి 90.7 శాతం, ఎండో ఎనలైజర్ 8005కి 34.4 శాతం వచ్చాయి. ఇక్కడ కొలబద్ద రెండింటికీ ఒకటే కాబట్టి ఇది నిర్వచనం మీద నెట్టేసే తేడా కాదు. రూట్ జడ్‌ఎక్స్‌ది రెండు తరంగాలు, ఎండో ఎనలైజర్‌ది అయిదు; తరంగాల సంఖ్య పెంచినంతమాత్రాన సరిపోదని అర్థమవుతుంది.

ఈ గందరగోళానికి స్క్రీన్ మీది అంకె ఇంకాస్త ఆజ్యం పోసింది. దాదాపు అన్ని యంత్రాల మీదా వేరు బొమ్మ, దానిపక్క 2, 1, 0.5, ‘అపెక్స్’ అన్న గీతలు ఉంటాయి. అవి మిల్లీమీటర్లు అని అనుకోవడం సహజం. కావు. యంత్రానికి మిల్లీమీటరంటే తెలియదు, దానికి తెలిసింది ఇంపిడెన్స్ ఒక్కటే. 0.5 అన్న గీత తయారీదారు ఇరుకు ఉండొచ్చని సుమారుగా పెట్టిన గుర్తు. 1 అన్నచోట ఉందంటే కొనకు సరిగ్గా ఒక మిల్లీమీటరు దూరంలో ఉన్నామని అనుకుని అక్కడే ఆగిపోయే డాక్టరు తన కొలతను తయారీదారు ఊహకు అప్పగించినట్టే. అపెక్స్ గీతకు మాత్రం ఒక భౌతికార్థం ఉంది: ఫైలు బయటి తడిని తాకింది. కాబట్టి ఫైలును మెల్లగా ఆ గీత దాకా దించి, అక్కడ రబ్బరు స్టాపర్ సరిచేసి, బయటికి తీసి స్కేలు మీద కొలిచి, అందులోంచి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు తీసెయ్యడమే నా ఉద్దేశంలో మెరుగైన పద్ధతి. 0.5 గీత దగ్గర ఆగి అదే కొలతగా రాసుకునేవాళ్లూ చాలామంది ఉన్నారు, వాళ్లకి ఫలితాలు బాగానే వస్తున్నాయంటారు. కాదనను. కాని రెండు యంత్రాల 0.5 ఒకటే అని మాత్రం అనుకోకూడదు.

కుర్చీ పక్కన ఏం జరుగుతుందో చూస్తే ప్రయోగశాల అంకెలు ఎందుకు తారుమారవుతాయో తెలుస్తుంది. ఒక దవడ పన్ను, లోహపు క్యాపు తియ్యకుండా దాంట్లోంచే రంధ్రం చేశారు. ఫైలు దిగుతుంటే దాని పక్క క్యాపు అంచుకు తగిలింది. యంత్రం ఒక్కసారి గట్టిగా కూసింది, గీత అపెక్స్ దాటిపోయింది. ఇంకా పది మిల్లీమీటర్లే దిగిందని స్టాపర్ చెబుతోంది. కరెంటు క్యాపు మీదుగా చిగురులోకి పోయిందన్నమాట. పాత వెండిరంగు లోహపు ఫిల్లింగులతోనూ ఇదే బాధ. పంటిలో పైన గదిలాంటి భాగంలో హైపోక్లోరైట్ నిండి పక్క కెనాల్స్‌తో కలిసిపోయినా అంతే. గోడ పుచ్చిపోయి చిగురు లోపలికి పెరిగిన పన్నులో లాలాజలం దారి ఇస్తుంది. విరుగుడు సులభమే: రబ్బరు డ్యామ్ వెయ్యాలి, పైగదిని దూదితో ఆరబెట్టాలి, కెనాల్‌లో మాత్రం తడి ఉంచాలి, ఫైలు లోహానికి తగలకుండా చూడాలి. కెనాల్ మరీ పొడిగా ఉంటే గీత కదలనే కదలదు. పాత రూట్ కెనాల్ విప్పి మళ్లీ చేస్తున్నప్పుడు అడుగున పాత ఫిల్లింగు పదార్థం గట్టా పెర్చా మిగిలి ఉన్నా ఇదే పరిస్థితి.

గీత స్థిరంగా లేకపోతే ఆ అంకెను నమ్మకూడదన్నది ఈ యంత్రం వాడేవాళ్లందరూ ఒప్పుకునే మాట. నెమ్మదిగా దించుతుంటే గీత ఒక్కో మెట్టు దిగాలి. ఒక్కసారిగా దూకిందంటే లోహమో, చిగురో, లేకపోతే గోడకు పడిన చిల్లో కారణం. ఈ మూడోది యంత్రం చేసే మేలు. ఫైలు సగంలో ఉండగానే అపెక్స్ అంటూ ప్రతిసారీ ఒకేచోట మోగితే, అక్కడ గోడకు చిల్లు పడి ఉండొచ్చు. ఎక్స్‌రేలో చెంపవైపు చిల్లు కనబడదు, యంత్రానికి చెంపవైపైనా నాలుకవైపైనా ఒకటే.

ఇంకొక చిన్న విషయంలో చాలా కొలతలు పోతాయి. వంకర తిరిగిన కెనాల్‌ని మొదట కొలిచి, తర్వాత పైభాగం వెడల్పు చేస్తే ఫైలు దారి నిటారై పొడవు తగ్గుతుంది. మొదటి కొలతతోనే చివరిదాకా పనిచేస్తే కొన దాటిపోయినట్టే. పైభాగం తెరిచాక మళ్లీ కొలవాలి. స్టాపర్ ఏ మొన మీద ఆనించామో అదే మొన మీద చివరిదాకా ఆనించాలి. అది పుచ్చి విరిగిపోయే మొన అయితే ముందే అరగదీసి చదును చేసుకోవాలి. యంత్రం ఎంత ఖరీదైనదైనా స్టాపర్ జారితే దాని అంకెకు విలువ లేదు.

వేరు ఇంకా పూర్తిగా తయారుకాని పిల్లల పళ్లలో, కొన గొట్టంలా తెరుచుకుని ఉంటుంది కాబట్టి, ఈ యంత్రాలు పొట్టి కొలత చూపిస్తాయి. అక్కడ ఎక్స్‌రేదే పైచెయ్యి.

కంపెనీల ప్రచారంలో ఒక్కో యంత్రానికీ ‘నాలుగో తరం’, ‘అయిదో తరం’ అన్న ముద్ర ఉంటుంది. 2006లో నెకూఫర్ బృందం ఈ పరికరాల మూలసూత్రాలను ఒక్కొక్కటిగా విప్పి చూపించి, ఈ తరాల లెక్క అమ్ముకోడానికి పనికొస్తుందే తప్ప శాస్త్రానికి పనికిరాదని విమర్శించింది. ఏ విద్యుత్ గుణాన్ని, ఎన్ని తరంగాలతో, ఎలా లెక్కకడుతోంది అన్నది చెబితే చాలు. ఈ విమర్శ నాకు సబబుగానే తోస్తుంది. తరం పెరిగినకొద్దీ కచ్చితత్వం పెరిగిందని చూపించే వరస మనకు కనబడదు. పాత రూట్ జడ్‌ఎక్స్ ముందు ఎన్నో ‘కొత్త తరాలు’ సమానంగానో, కాస్త వెనకో నిలిచాయి. ఇప్పుడు మన ఊళ్ల క్లినిక్కుల్లో చైనా నుంచి వచ్చే చవక మోడళ్లు కూడా కనిపిస్తాయి. ఫైలు తిప్పే మోటారులోనే లొకేటరు కలిసి, కొన దగ్గరికి రాగానే దానంతటదే వెనక్కి తిరిగేవీ వచ్చాయి. ఆ వెసులుబాటు మంచిదే. కాని మోటారు తిరుగుతున్నప్పుడు వచ్చే రీడింగ్‌ని ఆధారం చేసుకోకుండా, చేత్తో ఒకసారి విడిగా కొలిచి తర్వాత మోటారు పెట్టుకునే డాక్టర్లంటేనే నాకు గురి.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ల సంగతి తరచూ అడుగుతుంటారు. 2002లో గారొఫాలో బృందం ల్యాబులో అయిదు లొకేటర్లను పేస్‌మేకర్ దగ్గర పెట్టి చూస్తే నాలుగింటితో ఏ ఇబ్బందీ రాలేదు, ఒకదానితో మాత్రం రికార్డింగులో అవకతవక కనిపించింది. 2006లో విల్సన్ బృందం గుండెలో యంత్రాలున్న రోగుల మీదే చూసినా ఆటంకం కనబడలేదు. అయినా కార్డియాలజిస్టుతో ఒక మాట మాట్లాడి మొదలుపెట్టడం మర్యాద.

మరి ఎక్స్‌రే మానెయ్యొచ్చా? యూరోపియన్ సొసైటీ ఆఫ్ ఎండోడాంటాలజీ 2006 మార్గదర్శకాలు విద్యుత్ కొలత తర్వాత ఎక్స్‌రేతో సరిచూసుకోమంటాయి. 2014లో మార్టిన్స్ బృందం చేసిన క్రమబద్ధ సమీక్ష కూడా దాదాపు అదే చెప్పింది: యంత్రం వాడితే రేడియేషన్ తగ్గుతుంది, ఎక్స్‌రే ఒక్కదానికన్నా మేలుగా ఉండొచ్చు, అయినా కనీసం ఒక ఎక్స్‌రే ఉండాలి. ఇరాన్‌లో రవన్‌షాద్ బృందం 2010లో రోగులను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకి యంత్రంతో, ఇంకో గుంపుకి ఎక్స్‌రేతో కొలిచి, చివరి పొడవు సరిపోయిందా లేదా అని చూసింది. రెండూ దరిదాపుల్లో ఉన్నాయి, కొన దాటిపోవడం యంత్రంతో తగ్గొచ్చని తేలింది. ఎక్స్‌రే చెప్పేది యంత్రం చెప్పలేదు: వేరు ఎటు వంగింది, పైదవడ మోలార్‌లో దాగి ఉండే రెండో కెనాల్‌లోకే ఫైలు పోయిందా, రెండు కెనాల్స్ కింద ఒకటిగా కలిశాయా. ఎక్స్‌రేకి వేరు కొన తెలుసు, యంత్రానికి రంధ్రం తెలుసు. రెండూ ఒక మిల్లీమీటరు మించి తగువులాడితే, యంత్రం గీత నిలకడగా ఉన్నంతవరకు నేను యంత్రం వైపే మొగ్గుతాను. అప్పుడు కూడా ఎక్స్‌రే కోణం మార్చి ఇంకొకటి తీయడం తప్పు కాదు.

ఈ సాహిత్యంలో లోటు ఇంకోచోట ఉంది. ఫైలు మొన ఎక్కడ ఆగిందో పీకిన పళ్లలో కొలిచిన పరిశోధనలు లెక్కకు మించి ఉన్నాయి. యంత్రంతో కొలిచిన పన్ను, ఎక్స్‌రేతో కొలిచిన పన్ను అయిదేళ్ల తర్వాత ఏది బాగా నిలిచిందో చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సియోగ్రెన్ బృందం పొడవును అంచనా కట్టింది ఎక్స్‌రే మీదే, అంటే ఆ 94 శాతంలో రంధ్రం దాటినవి ఎన్ని ఉన్నాయో ఆ ఫిల్ములు చెప్పలేవు. వేరు కొనకు రెండు మిల్లీమీటర్ల లోపల అన్న నియమం పనిచేస్తోందంటే, శరీరం మనం కొలిచే అర మిల్లీమీటర్లను అంత పట్టించుకోదేమో, లేక ఇన్ఫెక్షన్ ఉన్న పళ్లలోనే పట్టించుకుంటుందేమో. నరం బతికున్న పళ్లనూ ఇన్ఫెక్షన్ ముదిరిన పళ్లనూ విడివిడిగా పెట్టి, రంధ్రం ఆధారంగా కొలిచి, ఏళ్ల తరబడి వెంటాడితే తప్ప అది తేలదు. పీకిన పన్ను మీద కొత్త యంత్రాన్ని పెట్టి ఇంకో శాతం ప్రచురించడం దానికన్నా చాలా సులువు, ఖర్చూ తక్కువ. పత్రికల్లో ఇప్పటికీ వస్తున్నవి ఎక్కువగా అవే.